ఆమా ఇంటికి ఐదు తెల్లచీరలు

ఆ టీ కప్పులు కాస్త పక్కన పెట్టి ముందు నా ఘనకార్యం వినండి. రేపు గుండె ఆపరేషన్ అనగా ఒక పెద్దావిడకి ధైర్యం చెప్పి రమ్మంటే వెళ్లాను. వెళ్లి, భక్తిగా ప్రార్థన చేసి, ఆవిడ చేత "నేను ఆపరేషన్‌కి రానంటే రాను" అనిపించి వచ్చాను! నవ్వకండి బాబూ, ఆ రోజు నా ప్రాణం ఎక్కడుందో నాకే తెలీదు.

నాతో ఫార్మసీలో పనిచేసే సియూ హాంగ్ ఉంది కదా, వాళ్లు పెనాంగ్ నుంచి వచ్చిన చైనీస్. ఇంట్లో హొక్కియెన్ మాట్లాడతారు. మేముండే న్యూ లిన్‌లో ఆదివారం మా తెలుగు ఫెలోషిప్ ప్రార్థనలు జరిగే హాల్లోనే, మా తర్వాత నాలుగింటికి వాళ్ల హొక్కియెన్ ఫెలోషిప్. మేం కుర్చీలు సర్దుతుండగానే వాళ్లు దిగిపోతారు. మా గారెలు వాళ్లకి, వాళ్ల బన్నులు మాకు. అలా రెండేళ్ల స్నేహం.

సియూ హాంగ్ వాళ్లమ్మని అందరూ ఆమా అంటారు. అంటే నాయనమ్మ అని. మనవలు పిలిచే పిలుపే ఊరందరికీ అలవాటైపోయింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, చర్చి అంటే అస్సలు పడదు. కూతురు ప్రభువుని నమ్ముకుంది గానీ, ఆవిడ మాత్రం పోయిన మొగుడి ఫొటో ముందు దీపం పెట్టి, కమలాపళ్లు పెట్టి దణ్ణం పెట్టుకుంటుంది. వాళ్ల పాస్టరు గారు రెండుసార్లు వెళ్తే తలుపే తియ్యలేదట. అలాంటావిడకి గుండెలో వాల్వ్ పాడైంది. ఎనిమిది నెలలు వెయిట్ చేస్తే ఆపరేషన్‌కి డేట్ ఇచ్చారు. డేట్ దగ్గరపడే కొద్దీ భయం పట్టుకుంది కాబోలు, మందులకి ఫార్మసీకి వచ్చినప్పుడల్లా నన్ను చూస్తుంది లెండి, ఒకరోజు తనంతట తనే, "ఆ గలగలా వాగే ఇండియన్ పిల్లని రమ్మను, ప్రార్థన చేసుకుంటే చేసుకోమను" అందట.

సియూ హాంగ్ నా రెండు చేతులూ పట్టుకుంది. "సునీతా, నువ్వొక్కదానివే రా. పది నిమిషాలే. మెల్లగా చెయ్యి. అమ్మ ఆపరేషన్‌కి సగమే ఒప్పుకుంది. ఏమన్నా తేడా వస్తే ఆ సగం కూడా పోతుంది."

ఒక్కదాన్నే, పది నిమిషాలు, మెల్లగా. మూడే మూడు ముక్కలు. వాటిలో ఒక్కటన్నా పాటించానా? నా నోట్లో నువ్వుగింజ నానదు కదా! ఇంటికి వెళ్లీ వెళ్లగానే రత్నం ఆంటీకి ఫోన్ కొట్టాను. నర్సాపురం ఆవిడ, మా ఫెలోషిప్‌కి పెద్దదిక్కు.

"ఒక్కదానివే వెళ్తావా? మతుండే మాట్లాడుతున్నావా?" అన్నారు ఆంటీ. "గుండె ఆపరేషనంటే మాటలా! పదిమంది మోకాళ్లూనాల్సిన సంగతి. ఆ ఇంటి తలుపు తెరుచుకోవడమే అద్భుతం. కనీసం ఐదుగురమన్నా వెళ్దాం."

కాదంటే వింటారా? అదీగాక నాకూ లోపల భయంగానే ఉంది, తోడుంటే మంచిదే అనిపించింది. ఆంటీ, నేను, ఇంకో ముగ్గురు సిస్టర్లు. ప్రార్థనకి వెళ్తే తెల్లచీర కట్టుకోవడం మనకి చిన్నప్పట్నుంచీ అలవాటే కదా. అంకుల్ పోయిన దగ్గర్నుంచి ఆంటీకైతే ఏ రోజైనా తెల్లచీరే. అందరం గంజిపెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచీరల్లో పెళపెళలాడుతూ బయల్దేరాం.

దారిలో సూపర్‌మార్కెట్ దగ్గర ఆపించి పూలు కొన్నాను. గులాబీలున్నాయి, పొద్దుతిరుగుడు పూలున్నాయి. నేనేమో ఏరి ఏరి తెల్లచామంతుల గుత్తి పట్టుకొచ్చాను. మన చామంతి కదా అని ముచ్చట! చీరలకి మ్యాచింగ్ కూడానూ.

వాళ్ల అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో ఒక కివీ ముసలాయన, ఈ దేశం తెల్లాయన, ఎక్కాడు. మమ్మల్ని పైనుంచి కిందకి చూసి, టోపీ తీసి, తల వంచుకుని నిలబడ్డాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను. అప్పుడన్నా నాకు బల్బు వెలగొద్దూ!

తలుపు ముందు అందరం కొంగులు తలమీదకి లాక్కుని బెల్ కొట్టాం. సియూ హాంగ్ నవ్వుతూ తలుపు తీసింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతుండగానే ఆ నవ్వు ఆరిపోయింది. నేను సర్దిచెప్పేలోపు ఆంటీ చెప్పులు విప్పేసి లోపలికి నడిచేశారు.

ఆమా సోఫాలో కూర్చుని టీ తాగుతోంది. పక్కనే హాస్పిటల్ బ్యాగ్ సర్ది రెడీగా ఉంది. మమ్మల్ని చూడగానే ఆవిడ చేతిలో కప్పు గాల్లోనే ఆగిపోయింది. మా భక్తికి కరిగిపోతోందనుకున్నాను! పూలు ఎక్కడ పెట్టాలా అని చూస్తే, పెద్దాయన ఫొటో పక్కన కాస్త ఖాళీ కనబడింది. తీసుకెళ్లి అక్కడే పెట్టాను. తర్వాత సోఫా చుట్టూ ఐదుగురం మోకాళ్ల మీద కూర్చున్నాం.

ఆంటీ మెల్లగానే మొదలుపెట్టారండీ, అబద్ధమెందుకు. రెండు నిమిషాలయ్యాక గొంతు పెరిగింది. ఐదో నిమిషానికి కన్నీళ్లు. ఆంటీది కన్నీటి ప్రార్థనని మీకు తెలుసుగా, ఆవిడ ఏడిస్తే పక్కనున్న రాయి కూడా ఏడుస్తుంది. మేం నలుగురం అందుకున్నాం. నేనైతే ఆ చెంపా ఈ చెంపా తడిసేలా ఏడ్చాను. కళ్లు మూసుకునే ఉన్నామా, సియూ హాంగ్ నా భుజం తడుతుంటే అది కూడా ఆత్మీయంగానే అనుకున్నాను.

ఇంతలో ఒక కేక! కళ్లు తెరిచి చూద్దును కదా, ఆమా కాళ్లు రెండూ సోఫా మీదకి లాక్కుని, చేతికర్ర మా వైపు చాపి, ఒక్కొక్కళ్లనే చూపిస్తూ అరుస్తోంది. ఊపిరి అందట్లేదు, పెదాలు వణుకుతున్నాయి. అసలే గుండె జబ్బు మనిషి, ఇప్పుడు ఇక్కడే ఏమన్నా అయితే?

"ఏమంటోంది?" అన్నాను.

సియూ హాంగ్ ముఖంలో రక్తం లేదు. "'నేనింకా చావలేదు కదా, అప్పుడే చుట్టూ చేరి ఏడుస్తున్నారేంటి' అంటోంది."

ఆంటీకి అర్థం కాలేదు, నాకూ కాలేదు. సియూ హాంగ్ నన్ను కిచెన్‌లోకి లాక్కెళ్లి పళ్లు బిగించి చెప్పింది. "తెల్లబట్టలు. తలమీద తెల్లముసుగు. తెల్లచామంతులు, అవీ మా నాన్న ఫొటో పక్కన. చుట్టూ మోకాళ్ల మీద కూర్చుని గొల్లున ఏడుపు. సునీతా, మావాళ్లలో చావింట్లో చేసేది ఇదే. ఒక్కటీ వదల్లేదు మీరు. శవపేటిక ఒక్కటే తక్కువ."

ఓరి నాయనో! అక్కడే భూమి చీలిపోతే బాగుండనిపించింది. ఆంటీ మాత్రం హాల్లోంచి, "తెలుపంటే పరిశుద్ధత అని చెప్పమ్మా ఆవిడకి" అంటున్నారు. "ప్లీజ్, వెళ్లిపోండి" అంది సియూ హాంగ్. లిఫ్ట్‌లో ఐదుగురం ముసుగులు తీసి కొంగులు నడుముకి దోపుకున్నాం.

ఐదింటికి మెసేజ్ వచ్చింది. ఆమా బ్యాగ్‌లో బట్టలన్నీ తీసి మళ్లీ బీరువాలో పెట్టేసిందట. పొద్దున ఏడింటికి హాస్పిటల్లో ఉండాలి, రానంటే రానంటోందట. ఈ డేట్ పోతే మళ్లీ ఎన్నాళ్లో, అన్నాళ్లు ఆ గుండె తట్టుకోలేదని డాక్టర్ ముందే చెప్పాడట. చదివి కిచెన్‌లో నేలమీద కూలబడ్డాను. ఒక మనిషి ప్రాణం నా వల్ల పోతోంది. నిజంగా నా వల్ల.

మా ఆయన తలుపు దగ్గర నిలబడి, "నిన్నొక్కదాన్నే కదే రమ్మంది?" అన్నాడు. నేను బావురుమన్నాను. "ఇప్పుడు ఏడ్చి ఏం లాభం? మధ్యాహ్నం చాలినంత ఏడ్చొచ్చావుగా" అన్నాడు. మొగుళ్లకి అలాంటప్పుడే తెలివి పెరుగుతుంది.

సియూ హాంగ్‌కి ఫోన్ చేశాను. "తెలుపు చావుకైతే, మరి మంచికేంటి?"

"ఎరుపు. ఎందుకు? సునీతా, వద్దు. మళ్లీ రాకు!"

"ఒక్కసారి."

అవతల తలుపు వేసిన చప్పుడు వినిపించింది. తర్వాత అంది, "ముందు కూర్చుని ఏడ్చిన ఆ పెద్దావిడే అమ్మ కళ్లలో తిరుగుతోంది. చావుని మోసుకొచ్చింది ఆవిడే అంటోంది."

అంటే ఎర్రచీర కట్టాల్సింది నేను కాదు, రత్నం ఆంటీ. ముందు నుయ్యి, వెనక గొయ్యి! నా దగ్గరున్న ఎర్రచీర ఒక్కటే, రిసెప్షన్‌కి కొన్న పట్టుచీర. పెళ్లికి మనకి తెల్లచీరే కదా. దాన్ని సంచిలో పెట్టుకుని ఆంటీ ఇంటికి వెళ్లాను.

ఆంటీ చీరవంక చూశారు గానీ ముట్టుకోలేదు. "పదకొండేళ్లయిందే రంగు చీర కట్టి. నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?"

"నలుగురి సంగతి తర్వాత ఆంటీ. ఒక్క మనిషి చూడాలి. చూడకపోతే రేపు హాస్పిటల్‌కి వెళ్లదు."

ఆంటీ లేచి కిటికీ కర్టెన్లు మూసేశారు. తర్వాత చీర తీసుకుని గదిలోకి వెళ్లారు. బయటకొచ్చాక ఆవిడ చుట్టూ ఒకసారి తిరిగి చూశాను. "ఏం, అసహ్యంగా ఉన్నానా?" అన్నారు. "చాలా బాగున్నారు ఆంటీ" అన్నాను. "సర్లే, పద" అని విసుక్కున్నారు గానీ, వెళ్తూ వెళ్తూ అద్దంలో రెండుసార్లు చూసుకున్నారు.

మరి నేను? నాకు మిగిలిన ఎర్రబట్ట ఒక్కటే. ఫార్మసీలో క్రిస్మస్‌కి ఇచ్చిన టీషర్ట్. దానిమీద దుప్పి బొమ్మ, ముక్కు నొక్కితే లైటు వెలుగుతుంది. అదేసుకున్నాను. ఫిబ్రవరిలో!

ఇక్కడ ఫిబ్రవరంటే నడి వేసవి కదా, సాయంత్రం ఏడింటికి కూడా ఇంకా ఎండ దంచుతోంది. సియూ హాంగ్ గొలుసు తియ్యకుండా తలుపు సందులోంచి చూసింది. మమ్మల్ని చూసి నోరు తెరిచింది, గొలుసు తీసింది. ఆమా కర్ర పట్టుకుని లేచింది. అడుగులో అడుగేసుకుంటూ ఆంటీ ముందుకొచ్చి నిలబడింది. ఆవిడ ఆంటీ కొంగు అంచు వేళ్లమధ్య పట్టుకుని నలిపి చూసి ఏదో అడిగింది.

"మీ ఆయన ఉన్నాడా అంటోంది" అంది సియూ హాంగ్.

"లేడమ్మా. పదకొండేళ్లయింది."

ఆమా పెద్దాయన ఫొటోవంక చూసింది. "నాకు తొమ్మిదేళ్లు" అందట. కొంగు వదల్లేదు. ఆంటీ ఆవిడ చేతిమీద చెయ్యి వేశారు.

అప్పుడు ఆమా చూపు నా మీద పడింది. వేలితో దుప్పి ముక్కు నొక్కింది. లైటు వెలిగింది. మళ్లీ నొక్కింది. కిసుక్కున నవ్వి, "మధ్యాహ్నం వచ్చిన దయ్యాలేవి?" అని సియూ హాంగ్ చేత అడిగించింది.

"వెళ్లిపోయాయి ఆమా, మళ్లీ రావు" అన్నాను.

"అయితే ఇప్పుడు చెయ్యండి మీ ప్రార్థన. ఏడిస్తే మాత్రం కర్రతో కొడతాను."

మధ్యలో ఆంటీ గొంతు ఒకసారి జీరబోయింది. ఆమా కళ్లు మూసుకునే కర్ర పైకెత్తింది. ఆంటీ గుటక మింగి ఆమెన్ అనేశారు. మొత్తం రెండు నిమిషాలు! రత్నం ఆంటీ జీవితంలో అంత చిన్న ప్రార్థన అదే. మేం బయల్దేరేటప్పటికి ఆమా బట్టలు మళ్లీ బ్యాగ్‌లో సర్దుకుంటోంది.

మర్నాడు ఫార్మసీలో ఫోన్ చేతిలో పట్టుకునే మందులిచ్చాను. సాయంత్రం సియూ హాంగ్ మెసేజ్ పెట్టింది. "కళ్లు తెరిచింది. ఎర్రచీర ఆవిడ భోంచేసిందా అని అడుగుతోంది." ఈసారి మాత్రం ఎవరూ కర్ర ఎత్తలేదు కాబట్టి కౌంటర్ వెనకాల కూర్చుని తృప్తిగా ఏడ్చాను.

ఇప్పుడు ఆమా ప్రతి ఆదివారం మా టైమ్‌కే హాల్‌కి వస్తుంది. వెనక వరసలో రత్నం ఆంటీ పక్కన కూర్చుంటుంది. ఆంటీ ఏమో మెరూన్ కొన్నారు, నెమలికంఠం రంగు కూడా కొన్నారు. ఎవరన్నా తెల్లచీరలో వస్తే మాత్రం ఆమా కర్ర గుమ్మానికి అడ్డం పెట్టేస్తుంది. మొన్న వీడియో కాల్‌లో మా అత్తగారు నా రంగుచీర చూసి, "ప్రతి ఆదివారం ఎవరిదే పెళ్లి?" అని అడిగారు. ఏం చెప్పను! ఆమాని మార్చాలని ఐదుగురం బయల్దేరాం. ఆవిడేమో ఇంకా ఆలోచిస్తానంటోంది. ఈలోపు మారుమనసు పొందింది మాత్రం నా బీరువా.