మూడో గిన్నెలోని ముక్క

ఆ చక్కెర తీసింది నేనే. చెప్పవలసిన రోజున ఈ ఒక్క మాట చెప్పక, పదిహేనేళ్ళు లోపలే దాచుకున్నాను.

ఆ మధ్య ఒక ఆదివారం మా అమ్మాయి, బళ్ళో చెప్పిన ప్రయోగమని ముల్లంగి ముక్కలు కోసి, ఒక గిన్నెలో మంచినీళ్ళు, రెండోదాంట్లో పలుచటి చక్కెర నీళ్ళు, మూడోదాంట్లో చిక్కటివి పోసి నానేసింది. సాయంత్రానికి మూడో గిన్నెలోని ముక్క, ఒంట్లో నీరంతా చక్కెర లాగేసుకోగా, గుడ్డపేలికలా వాలిపోయింది. దాన్ని వేలికి చుట్టి నాకు చూపిస్తుంటే చూడలేక వరండాలోకి వెళ్ళి కూర్చున్నాను.

యుద్ధం రోజుల్లో నేను నరసరావుపేటలో ఒక హైస్కూల్లో సైన్సు మాస్టరుగా కొత్తగా చేరాను. చక్కెర రేషను మీద తప్ప దొరకని కాలమది, మీకూ గుర్తుండే ఉంటుంది. ఇదే ప్రయోగం ఇనస్పెక్టరుగారికి చూపించాలని హెడ్మాస్టరుగారు ఎంతమందినో బతిమాలి సేరు చక్కెర సంపాదించారు. నీళ్ళలో కలిపే పని నాది. దాన్ని పెట్టిన బీరువా తాళంచెవి మాత్రం మా బంట్రోతు దగ్గర ఉండేది. ఆయన ముస్లిం, మా నాన్న ఈడువాడు, బళ్ళో అందరం బాబాయ్ అనే పిలిచేవాళ్ళం.

అదే వారం మామగారు, మేం కాపురం పెట్టాక మొదటిసారి, మాచర్ల నుంచి వస్తున్నారు. ఆయనకు బెల్లం కాఫీ ఇవ్వడం నాకు నామోషీ అనిపించింది. సగం చక్కెర పొట్లం కట్టి ఇంటికి తెచ్చుకుని, మూడో గిన్నెకు మిగిలినదాంతో సరిపెట్టాను. ముల్లంగికేం తెలుస్తుందిలే అనుకున్నాను. మామగారు రెండు గ్లాసులు తాగి, అల్లుడికి పలుకుబడి ఉందే అని మురిసిపోయారు.

ముల్లంగికి తెలిసింది. ఇనస్పెక్టరుగారు మూడో గిన్నెలోంచి ముక్క తీసి వంచబోతే, అది వంగకుండా పుటుక్కున విరిగింది. హెడ్మాస్టరుగారు ఆ నీళ్ళలో వేలు ముంచి నాలుక మీద రాసుకుని, నావైపు కాదు, తాళంచెవి ఉన్నాయనవైపు తిరిగారు.

"రంజాను నెల కదండీ, సేమియాలోకి పోయుంటుంది" అన్నారు తెలుగు మాస్టరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"ఉపాసం ఉన్నోణ్ణి సారూ. ఉమ్మి కూడా మింగటంలా, చక్కెర మింగుతానా" అన్నాడు బాబాయి. అని నావైపు ఒకసారి చూశాడు, తాళంచెవి నాకిచ్చింది ఆయనే కనుక. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

వారం తిరక్కుండా ఆయన ఉద్యోగం పోయింది. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో కూలికి కుదిరాడని ఎవరో అంటే విన్నాను. ఎన్నిసార్లు ఆ దారిన బస్సులో వెళ్ళానో లెక్కలేదు, ఏనాడూ దిగలేదు. ఈనాడు మా వీధి చివరి కొట్లోనే చక్కెర కావలసినంత దొరుకుతుంది, పిల్లలు ముల్లంగి ముక్కలకు దాన్ని ఒలకబోసి ఆడుకుంటున్నారు. ఒక మనిషి బతుకును కూల్చిన వస్తువు ఇంత చవకైందే అనుకున్నాను ఆ ఆదివారం వరండాలో కూర్చుని.

మర్నాడే పిడుగురాళ్ళలో బస్సు దిగి, బట్టీల దగ్గర అడుగుతూ ఆయన ఇంటికి వెళ్ళాను. సున్నం ఘాటుకు ఆయన కళ్ళు పొరలు కట్టాయి, గొంతును బట్టి నన్ను గుర్తుపట్టాడు. నేను చెప్పిందంతా విన్నాడు. కోప్పడలేదు.

"నాకు చెప్పేదేంది మేస్టారూ, నేను తియ్యలేదని నాకు తెలుసుగా. లోపల మీ పిన్ని ఉంది, దానికి చెప్పండి. అంతమంది అంటుంటే అదీ నమ్మింది. ఎన్నడూ అడగలా. అడిగినా బాగుండేది."

గడప దగ్గర నిలబడి, చక్కెర తీసింది నేను పిన్నీ, బాబాయి కాదు, తప్పంతా నాది, నన్ను క్షమించమని అడిగాను. ఆమె నావైపు చూడలేదు. చేతిలో చాట కింద పెట్టి, కళ్ళు కనిపించని ఆ మనిషి వైపే చూస్తూ ఉండిపోయింది.