గోడ మీది నీలం

సబ్బు కాగితాలకీ బిస్కట్ పెట్టెలకీ బొమ్మలు గీసే ఆ ఆఫీసులో గీసేవాళ్ళు ఏడుగురు. గీసినదాన్ని అచ్చులో సరైన రంగుకి తెచ్చేవాడు మాత్రం ఒక్కడే, రంగుల బాబాయ్. ముప్ఫై నాలుగేళ్ళుగా మిషను పక్కన నిలబడి, తడి కాగితాన్ని కిటికీ వెలుగులో పట్టి చూసి, ఇంకో చిటికెడు నీలం కావాలని ఆయనంటే చిటికెడు నీలం పడాల్సిందే.

అలాంటి మనిషి ఆ ఏడాది వరసగా మూడు పనులు పాడుచేశాడు. లేత ఆకాశం రంగులో రావాల్సిన సబ్బు కాగితం సిరా ఒలికినట్టు వచ్చింది. ఆయన కాగితం మీద నెపం పెట్టాడు, ట్యూబ్‌లైటు మీద పెట్టాడు, చివరికి మిషను నడిపే మనిషిని పట్టుకుని నానా మాటలూ అన్నాడు. తప్పు ఒప్పుకుంటే మీసం రాలిపోతుందా? ఆయన లెక్కలో రాలిపోతుంది మరి.

వేసవిలో ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసుకి తాళం వేసి, కొత్త రకం బొమ్మలో కుర్చీలో దీపాలో ఎక్కడ ప్రదర్శనకి పెడితే అక్కడికి అందరూ కలిసి వెళ్ళడం ఆ జట్టు అలవాటు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో చూసినదాని గురించి ఒక్కొక్కరూ ఒక్క మాట చెప్పాలి. మొదటి శుక్రవారం వెళ్ళింది ఒక పెద్ద తెల్లగదికి. బాబాయ్ చేతులు వెనక్కి కట్టుకుని ఒక చుట్టు తిరిగి, సున్నం కొట్టి టిక్కెట్టు పెట్టారు, భలే తెలివి అన్నాడు. ఎవరూ నవ్వలేదు. జట్టుకి పెద్ద ఒక అమ్మాయి, ఆయన కూతురి ఈడుది. మెల్లిగా దగ్గరికొచ్చింది.

"బాబాయ్, ఎదురు గోడ పొడుగునా నీలం చార ఉంది. మీకు కనిపించట్లేదా?"

ఆయన గోడ దగ్గరికి నడిచాడు. అద్దాలు తుడిచి చూశాడు, కళ్ళు చిట్లించి చూశాడు. పాత దిండు గలీబులాంటి తెలుపు తప్ప ఏమీ లేదు. బస్సులో తన వంతు వచ్చేసరికి నిద్రపోతున్నట్టు నటించాడు.

ఇంట్లో చెప్పేసరికి భార్య ఒంటికాలి మీద లేచింది. ఆర్నెల్లుగా నీలం దుప్పటిని బూడిద దుప్పటి అంటుంటే వేళాకోళమనుకుందట పాపం. మర్నాడే కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు పసుపెక్కి, నీలాన్ని లోపలికి రానివ్వట్లేదని తేలింది. అందుకే అన్నాళ్ళూ మహానుభావుడు నీలం చాలలేదు, చాలలేదు అని పోయించాడు!

ముందు ఒక కంటికి ఆపరేషన్ అన్నారు. చూపు వస్తుంది సరే, రంగు తెలుస్తుందా? తెలియకపోతే ఆయనకి ఇంకో పని రాదు. భయంతో రెండు రాత్రులు కంటిమీద కునుకు లేదు. ఆఖరికి జట్టు పెద్దకి ఫోన్ చేసి, వేసవి చివరి శుక్రవారం మళ్ళీ ఆ గదికే తీసుకెళ్ళమన్నాడు.

"ఆ చార కనిపిస్తే మిషను దగ్గరికొస్తానమ్మా. లేకపోతే నన్నడక్కు, వేరేవాళ్ళని చూసుకో."

ఆ శుక్రవారం రానే వచ్చింది. ఒక కంటికి ఆపరేషన్ అయిన బాబాయ్ నల్లద్దాలు తీసి గోడకెదురుగా నిలబడ్డాడు. ఆయన ఒక కన్ను మూశాడు, అది తెరిచి రెండోది మూశాడు, మళ్ళీ మార్చాడు. గోడకి కన్ను కొడుతున్నట్టుంది వ్యవహారం. అయిదు నిమిషాలు అదే పని. జట్టు పెద్దకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"చార ఒకటి కాదమ్మా, రెండు," అన్నాడు. "పై సగంలో చుక్క ఎరుపు కలిపారు. కింద సగంలో కలపలేదు."

ఏడుగురూ గోడకి ముక్కులు ఆనించినంత పనిచేశారు. ఎవరికీ ఏమీ తెలియలేదు. మూలన స్టూలు మీద కూర్చున్న కాపలా ఆవిడ గబుక్కున లేచొచ్చింది. ఆ చార వేసినావిడ రెండు డబ్బాలు వాడడం తను కళ్ళారా చూసిందట. రెండు నెలల్లో ఇంతమంది వచ్చారుగానీ పట్టుకున్నది మీరొక్కరేనండీ అంది. బాబాయ్ ఆనందం పట్టలేక ఆవిడకి వంగి దణ్ణం పెట్టాడు. బస్సులో తన వంతు ఒక్క మాటతో ఆపలేదు, దిగేదాకా అందరి చొక్కాల రంగులూ చెబుతూనే ఉన్నాడు.

సోమవారం పొద్దున్నే మిషను దగ్గరికెళ్ళాడు. నడిపే మనిషి ముభావంగా మొదటి కాగితం చేతికిచ్చాడు. బాబాయ్ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, పాత కన్ను మూసి, కొత్త కంటితో చూశాడు.

"ఆ మూడు పనులూ పాడుచేసింది నేనే తమ్ముడూ, నువ్వు కాదు," అన్నాడు. "నీలం తగ్గించు."

ఆ మాట కోసమే ఆర్నెల్లుగా ఎదురుచూస్తున్న మనిషి నవ్వుతూ నీలం సిరా మర తిప్పాడు.