గడి గోడకు పిడకలు

మన తాతలతో వెట్టి చేయించుకుని ఊరి నడుమ కోటలాంటి గడి కట్టుకున్నది దొర. ఇప్పుడు ఊరిని ఒక్క మాట అడగకుండా దాన్ని అమ్మకానికి పెట్టింది ఆ దొర మనవడు.

నిన్న స్టేషన్ ఘన్‌పూర్ రోడ్డు మీద, ప్రత్యేక రాష్ట్రం కోసం చేసిన వంటావార్పులో, పులిహోర పెట్టిచ్చిన పేపర్ ముక్క మీద ఆ ప్రకటన చూశాను. చారిత్రక భవనమట, ఏసీ గదులట, కొత్త వంటగదట. ఫోటోలో గోడ తెల్లగా మెరుస్తోంది.

ఆ గోడ గుర్తుందా దోస్తులారా? దొర పట్నం పోయాక మన అవ్వలు దాని పొడవునా పిడకలు కొట్టేవాళ్లు. ఆ ఎండిన పేడ వాసన, వాటి మీద వేళ్ల అచ్చులు! మా అవ్వ మాత్రం గడి దగ్గరకు రాగానే చెప్పులు విడిచి చేత పట్టుకునేది.

"దొర లేడు గదా అవ్వా, చెప్పులెందుకు ఇడిసినవ్?"

"నాకెర్కే బిడ్డా. కాళ్లకింక ఎర్కలేదు," అంటూనే దొర గోడకు ఛట్టున పేడ కొట్టేది.

గడిని కూలగొట్టాలని కరపత్రాలు పంచినవాణ్ణి నేనే. మరి పిడకల మచ్చలు చెరిపేశారని ఏడుపెందుకొస్తోంది? కూలగొట్టాలా, బడి పెట్టమనాలా? ఏమీ తేలడం లేదు. ఊరిని అడగకుండా మాత్రం అమ్మనివ్వను.

రేపు గడి ముందుకు పోదామంటే అవ్వ కూడా వస్తానంది. "చెప్పుల మాట చెప్పలేను గని, పేడ తట్ట తేవాల్నారా?" అని అడిగింది. తెమ్మన్నాను.

రేపు పొద్దున ఎనిమిదింటికి గడి దర్వాజ ముందుకు రండి. చెప్పులు తొడుక్కునే రండి.