వదిన పలికిన పేరు

మా అన్న ఈరయ్య ప్రాణహిత ఒడ్డున సిరోంచ రేవులో పడవ నడిపేవాడు. పడవ కంటే కుస్తీ అంటే ప్రాణం. గోదావరిలో దొరలు రాతికట్టలు కట్టిస్తున్న కాలం అది. ఆ పనికి ఎక్కడెక్కడి గట్టివాళ్ళో వచ్చేవారు. జాతరలో వాళ్ళతో ఒక పట్టు పట్టకపోతే మా అన్నకు అన్నం దిగేది కాదు.

ఒక ఏడు జాతరలో ఒక పహిల్వాను అన్నను ఎత్తి పడేశాడు. తల వెళ్ళి బరి అంచున బండకు తగిలింది. కళ్ళు తెరిచేసరికి మా వదిన భూదేవి ఒడిలో ఉన్నాడు. "గెలిచిన్నా?" అన్నాడు. "గెలిచినవ్ తియ్యి, లే" అంది వదిన ఏడుస్తూనే.

రక్తం రాలేదు, రెండు రోజుల్లో లేస్తాడనుకున్నాం. ఏం లేవడం! ఎండ తగిలితే వాంతి. డప్పు వింటే తల పట్టుకునేవాడు. పడవలో నిలబడితే ఏరంతా గిరగిరా తిరుగుతోందనేవాడు. తెడ్డు అడగాలంటే మాట దొరక్క "అదేనే, నీళ్ళను కలిపేది" అనేవాడు. వదిన వెళ్ళి పప్పుగరిటె తెచ్చి చేతిలో పెట్టేది. ఇద్దరూ పడి పడి నవ్వేవారు. నాకు ఒళ్ళు మండేది, ఇదేం పరాచికం అని. కానీ నవ్విన కాసేపటికి ఆ మాట దానంతటదే వచ్చేది.

వదిన కోళ్ళను పక్కింటికి తోలింది. వాకిలికి తడక కట్టి ఇంట్లో నీడ చేసింది. నా గొంతు పెద్దదని నన్నూ బయటే కూర్చోబెట్టింది! పొద్దు వాలాక అన్నను రేవుకు నడిపించి, కట్టేసిన పడవలో కూర్చోబెట్టేది. కొన్నాళ్ళు కూర్చోవడం, కొన్నాళ్ళు నిలబడడం, ఆ తర్వాతే తెడ్డు. వానలు వెళ్ళాక అన్న మళ్ళీ ప్రాణహిత దాటించాడు.

మందులిచ్చే పోశయ్య తాత మాత్రం ఒకటే మాట అన్నాడు. "ఇంకో దెబ్బ తాకిందా, మనిషి దక్కడు బిడ్డా."

మళ్ళీ జాతర వచ్చింది. "ఊకె చూసొస్త" అన్నాడు అన్న. డప్పుల మోత తగలకుండా చెవుల్లో బూరుగుదూది కుక్కి తీసుకెళ్ళింది వదిన. నేనూ వెళ్ళాను. అదే పహిల్వాను బరిలో తొడ కొట్టాడు. అంతే, మా అన్న తలరుమాలు విప్పి నా మీద పడేసి బరి వైపు నడిచాడు.

"ఇగో! ఇగో, నిన్నే!" అని వదిన అరిచింది. మా దిక్కున ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. పలికితే అతని ఆయుష్షు తగ్గుతుందని భయం. "ఇగో" అనేసరికి జాతరలోని మొగుళ్ళందరూ తిరిగి చూశారు, మా అన్న తప్ప.

"ఈరయ్యా!"

ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. డప్పులవాళ్ళ చేతులు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో వదిన గొంతు చించుకుని మళ్ళీ అరిచింది. "ఈరయ్యా!"

బరిలో ఒక కాలు పెట్టినవాడు ఆగి, దూది పీకేసి వెనక్కి తిరిగాడు.

"నా పేరు నీకెర్కనా?"

జాతరంతా గొల్లుమంది.

"మల్లోపారి అను."

"ముందుగాల ఇటు రా, అప్పుడంట!"

వచ్చాడు. "పేరు వెట్టి పిలిస్తె నా ఆయుష్షు తగ్గుతదంటివి గదనే?"

"నువ్వు గా బరిల దిగితె ఉండేదేంది, తగ్గేతందుకు!" అని వదిన భోరుమంది.

అన్న నా భుజం మీది రుమాలు తీసి ఆమె ముఖం తుడిచాడు. బరిలో ఎదురుచూస్తున్న పహిల్వానుకు కేకేసి చెప్పాడు.

"నేనొస్తలేను పో! ఇంటామె పేరు వెట్టి పిలిచింది."