తమిళంలో పలకరించిన ఆదివారం

ఆ ఆదివారం నేను చేసిన తప్పు వినడానికి చాలా చిన్నది. నా కూతుర్ని తమిళంలో పలకరించాను, అంతే. మొన్న భూమి దావా కాగితాల నకలు కోసం ధర్మపురి కోర్టుకు పోతే, అక్కడి వరండాలో బెంచీ మీద ఒక తండ్రీ, ఏడేళ్ల పాపా కనిపించారు. కాస్త ఎడంగా కుర్చీ వేసుకుని కోర్టు కాపలా పెట్టిన ఒక ఉద్యోగిని వాళ్లను చూస్తోంది. తండ్రి బిస్కెట్ పొట్లం విప్పి చేతిలో పట్టుకున్నాడు. తీసుకోవచ్చా అన్నట్టు ఆ పాప ఉద్యోగిని ముఖంలోకి చూసింది. వచ్చిన పని మరిచిపోయి అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను.

నా సంగతి ఎనభైల నడిమిది. మాలాంటి వాళ్లకు అప్పట్లో కోర్టు తెలియదు, కులపెద్దలు చెప్పిందే తీర్పు. నేను ధర్మపురిలో చింతపండు మండీలో పనిచేసేవాణ్ణి. కోపం ఎక్కువ, నోరు దురుసు. నా భార్య బిడ్డను తీసుకుని బొమ్మిడిలోని పుట్టింటికి వెళ్లిపోయిందంటే తప్పు ఆమెది కాదని ఈ వయసులో తడబడకుండా చెప్పగలను. అప్పుడు చెప్పలేదు సరికదా, ఒకనాడు బడి వదిలే వేళకు బొమ్మిడి పోయి, ఎవరికీ చెప్పకుండా ఆరేళ్ల పిల్లను రైలెక్కించి సేలంలో మా అక్క ఇంటికి తీసుకుపోయాను. నాలుగు రోజులు అక్కడే ఉంచుకున్నాను. ఆ నాలుగు రోజుల్లో మా ఆవిడ ఊరి చుట్టూ ఉన్న బావుల్లోకి మనుషుల్ని దింపి వెతికించిందని తర్వాత తెలిసింది. పెద్దలు కూర్చుని తేల్చారు: ఇకమీద నేను బిడ్డను చూడాలంటే రెండు వారాలకొక ఆదివారం, అదీ మూడో మనిషి ఎదుట. ఆ మూడో మనిషిగా తాను కూర్చుంటానని మా అత్త, అంటే నా భార్య తల్లి, ముందుకు వచ్చింది. "నా బిడ్డతో మాట్లాడేదానికి నాకు కావలి కుక్క కావల్నా?" అని అంతమంది ముందు అరిచాను. ఆమె తల దించుకుని కొంగు సర్దుకుంది.

చివరికి రెండు వైపులా చుట్టరికం లేని మనిషి కావాలని, ఏ. పళ్లిపట్టి అనే ఊళ్లో ఉండే ఒక రిటైర్డ్ పోస్టుమాస్టరును ఒప్పించారు. ఆయన తమిళుడు, నెమ్మదస్తుడు. మేము ఆయన ఇంటి అరుగు మీద కలుసుకోవాలి. మా అత్త పిల్లను బస్సులో తెచ్చి వదిలి, వీధి మొదట్లో టీ కొట్టు దగ్గర కాచుకుని ఉండాలి, ఇంటి దాకా రాకూడదు. ఆ షరతు నాదే. మొదటి ఆదివారం పోస్టుమాస్టరుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, నుదుటి నిండా విభూతి పెట్టుకుని, పై అధికారి తనిఖీకి వస్తున్నట్టు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఆయన భార్య పళ్లెంలో మురుకులు పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఎవరు ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. కొరికితే చప్పుడవుతుందనేమో, ఆయన మురుకు ముక్కను నోట్లో నానబెట్టుకుంటూ వీధివైపు చూస్తున్నారు.

మావైపు తెలుగువాళ్ల ఇళ్లలో తెలుగు గడపకు లోపలి భాష. గడప దాటితే అంగడిలో, బస్సులో, బడిలో అంతా తమిళమే. ఎవరితో ఏది మాట్లాడాలో పిల్లలకు ఎవరూ నేర్పరు, దానంతటది తెలిసిపోతుంది. నా కూతురితో నేను అంతవరకూ ఒక్క తమిళ మాట మాట్లాడి ఎరగను. కానీ ఆ పెద్దాయనకు అర్థంకాని భాషలో మాట్లాడితే, పిల్లను మళ్లీ ఎత్తుకుపోయే ఉపాయమేదో చెబుతున్నానని ఆయన అనుకుంటారేమోనని భయం పట్టుకుంది. పాపం, ఆయన అలాంటి మనిషి కాదు. "మీ భాషలోనే మాట్లాడుకోండి, నేను ఊరికే కూర్చుంటాను" అని తమిళంలో చెప్పారు కూడా. చేసిన దొంగతనం నా మనసులో ఉంది కాబట్టి అందరి చూపులోనూ నాకు అనుమానమే కనిపించేది. ఆయన దగ్గర మంచివాణ్ణి అనిపించుకోవాలని, "సాప్టియామ్మా? నల్లా పడిక్కిరియా?" అని అడిగాను. తిన్నావా, బాగా చదువుతున్నావా అని.

అది టక్కున లేచి నిలబడింది. బడిలో అయ్యవారి ముందు నిలబడినట్టు చేతులు కట్టుకుని, "సాప్టేన్ సార్" అంది, తిన్నాను సార్ అని.

నాకు మొదట నవ్వు వచ్చింది. ఆటలాడుతోందా? వాళ్లమ్మ నేర్పి పంపిందా? ఏమీ తెలియక ఇంకా తియ్యగా, ఇంకా గట్టిగా, తమిళంలోనే అడుగుతూ పోయాను. అడిగినదానికల్లా జవాబు చెప్పింది. ఎక్కాలు ఒప్పజెప్పమంటారా అని కూడా అడిగింది. పోస్టుమాస్టరుగారు ముచ్చటపడి, ఇంత మర్యాద తెలిసిన పిల్లను ఈమధ్య చూడలేదన్నారు. నేను తల ఊపాను. గంట అయిపోయింది.

పిల్ల వెళ్లిపోతుంటే ఉండబట్టలేక కాస్త దూరంలో వెనకే నడిచాను. టీ కొట్టు దగ్గరికి పోగానే అది పరుగెత్తి మా అత్త చీర పట్టుకుంది.

"అవ్వా, నాయన రాలేదు."

"అదేమే? మల్ల ఇంతసేపూ ఎవురితో ఉండినావు?"

"నాయన మాదిరే ఉండే సార్‌తో. ఆయనకి మన మాట రాదు."

మా అత్త తలెత్తి నన్ను చూసింది. "ఏమప్పా, కన్నబిడ్డతో అరవంలో మాట్లాడినావా? నన్ను తిట్టేటప్పుడు మాత్రం తెలుగు బాగా వచ్చునే నీకు!" అంది. టీ తాగుతున్నవాళ్లు నావైపు తిరిగారు. అంతలో బస్సు వచ్చింది. వాళ్లిద్దరూ ఎక్కి వెళ్లిపోయారు. పిల్ల కిటికీలోంచి చూసింది గానీ, ఎవరిని చూస్తోందో నాకు అర్థం కాలేదు.

మరునాడు మండీకి సెలవు పెట్టి బొమ్మిడి పోయాను. మా అత్త వాకిట్లో శెనక్కాయలు ఒలుస్తోంది. కూర్చోమనలేదు.

"అత్తా, ఆ పొద్దు పెద్దల ముందర నేను అన్న మాట తప్పు. నువ్వే వచ్చి మా దగ్గర కూచో."

"నేను కుక్కను గదప్పా."

"మొరిగింది నేను, అత్తా."

ఆమె ఇంకో గుప్పెడు కాయలు ఒళ్లోకి తీసుకుంది. లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది. మా ఆవిడ వింటోందని తెలుసు, అయినా నేను అటు చూడలేదు. "కూచుంటా. నీ కోసరం కాదు, దాని కోసరం. అయితే నన్ను అన్నచోటనే ఈ మాటా చెప్పు" అంది మా అత్త. పెద్దల్ని మళ్లీ కూర్చోబెట్టి, అందరి ముందూ చెప్పాను. ఒకరిద్దరు నవ్వారు. నవ్వితే నవ్వారు.

నా వంతు తర్వాతి ఆదివారం పోస్టుమాస్టరుగారు బరువు దిగినట్టు నిట్టూర్చి, పేపరు తీసుకుని లోపలికి వెళ్లారు. మా అత్త అరుగు మీద, మా ఇద్దరికీ నడుమ కూర్చుంది. నేను తెలుగులో పలకరించాను. పిల్ల నన్ను చూసింది, అవ్వను చూసింది, మళ్లీ నన్ను చూసింది. కాసేపటికి దగ్గరికి జరిగి, "నాయనా, మల్ల సేలం పోతామా?" అని అడిగింది. సేలంలో మా అక్క ఇంట్లో ఆటపాటలు, హోటల్లో పరోటాలు, దానికి ఆ నాలుగు రోజులూ తిరునాళ్లే. మా అత్త చెయ్యి పిల్ల భుజం మీద పడింది.

"పోము తల్లీ. మీ అమ్మనూ అవ్వనూ అడగకుండా యాడికీ పోము."

దాని ముఖం ముడుచుకుపోయింది. "అట్లయితే ఎందుకు వచ్చినావు?" అని అటు తిరిగి కూర్చుంది. మా అత్త నా తరఫున ఏమీ చెప్పలేదు. ఆ ప్రశ్నకు ఏం జవాబు చెప్పాలో తెలియక, నా వంతు ఆదివారం ఒక్కటీ తప్పకుండా పోతూ వచ్చాను. నేను ఎందుకు వస్తున్నానో దానికి అర్థమయ్యేసరికి, అది ఓణీ వేసుకునే వయసుకు వచ్చేసింది.