తెల్లగా మెరిసిన ఇటుక

2023, దసరా వెళ్లిన వారం. హైటెక్ సిటీలోని ఒక ఆఫీసు టవర్ నుంచి ఫోన్ వచ్చింది. బేస్‌మెంట్‌లో డ్రైవర్ల గదిలో ఎవరు కూర్చున్నా నిద్ర ముంచుకొస్తోందట, లేచాక తలపోటట. గుమ్మానికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టినా తగ్గలేదట. నిమ్మకాయలతో పోనిది నాతో పోతుందా అని నవ్వుకుంటూ బయల్దేరాను.

ఆ పక్క గదిలో గ్యాస్‌తో నడిచే జనరేటర్ ఉంది. దాని పొగగొట్టంలో క్యాటలిస్ట్ బిగించింది నేనే. తేనెపట్టులా సన్నని రంధ్రాలున్న పింగాణీ ఇటుక అది. దానిమీద పెరోవ్‌స్కైట్ అనే ఆక్సైడ్ పూత, నల్లగా ఉంటుంది. ఇంజన్‌లో కాలకుండా మిగిలిన మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ ఆ పూతమీద కాలిపోతాయి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ ఉండదు, వాసనా ఉండదు. నిద్రపుచ్చినట్టే ప్రాణం తీస్తుంది.

నేను వెళ్లేసరికి కరెంటు లేదు, జనరేటర్ నడుస్తోంది. ఆపరేటర్ యాదయ్య గొంతు తగ్గించి చెప్పాడు. "ఈ రూంల ఏదో ఉన్నది మేడం. కూసుంటే సాలు, ఎవరో ఒడిల పండవెట్టుకున్నట్టు అయితది."

లోపల ఒక డ్రైవర్ బల్లమీద పడుకుని ఉన్నాడు. ఫ్యాన్ తిరుగుతోంది, పొగ లేదు, గాలి మామూలుగానే ఉంది. అతని గుండెలమీద ఫోన్ మోగుతూనే ఉంది. అతను కదలడం లేదు. గుమ్మం దగ్గరే నా చేతిలోని కార్బన్ మోనాక్సైడ్ మీటర్ కూతపెట్టింది. ఊపిరి బిగబట్టి, ఇద్దరం చెరో చేయి పట్టి అతన్ని ర్యాంప్ మీదికి ఈడ్చుకొచ్చాం. అంబులెన్స్ ఎక్కించేదాకా కళ్లు తెరవలేదు.

జనరేటర్ ఆపి చూస్తే, క్యాటలిస్ట్ దాటాక గొట్టంలో ఒక జాయింటు పగిలి ఉంది, ఇంజన్ వదిలే గాలి అక్కణ్నుంచే డ్రైవర్ల గదిలోకి పోతోంది. పాత పగులే. మరి ఇన్నాళ్లూ ఎవరికీ ఏమీ కాలేదేం? క్యాటలిస్ట్ పెట్టె మీద ఆయుధపూజ బొట్టు ఇంకా చెరగలేదు. బోల్టులు విప్పాను. ఇటుక శంఖంలా తెల్లగా ఉంది.

"ఇదెవరు కడిగారు?" అన్నాను.

"నేనే మేడం. పూజకు మిషన్లన్నీ కడిగిన. ఇదొక్కటే మసిపట్టి ఉండె. బాత్రూం ఆసిడ్ల నానబెట్టి రెండు రోజులు రుద్దిన" అన్నాడు యాదయ్య. మెచ్చుకుంటానని నా మొహంలోకి చూస్తున్నాడు.

డ్రైవర్ మూడో రోజు ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లాడు. అప్పటిదాకా నాకు అన్నం సహించలేదు. యాదయ్యను తీసేస్తామన్నారు మేనేజర్లు. బిగించిన రోజు వాళ్లకే పై అంతస్తులో, ఏసీ గదిలో, పూతలో లాంథనం, మాంగనీస్ ఉంటాయంటూ గంటసేపు ఊదరగొట్టాను. కింద దాన్ని రోజూ చూసుకునే మనిషికి ఆ నలుపే విషాన్ని కాల్చే మందు అని ఒక్క ముక్క చెప్పలేదు. రిపోర్టులో తప్పెవరిదని అడిగినచోట నా పేరు రాశాను. ఇప్పుడు ఎక్కడ బిగించినా ముందు ఆపరేటర్‌ను వెతుక్కుంటూ వెళ్తాను.