తువ్వాల తీసేదాకా

అజీజ్‌నగర్ దగ్గర షేర్ ఆటో ఆగినప్పుడల్లా ఒక ఫామ్‌హౌస్ గోడ వెనక నుంచి తడిసిన కుక్కల వాసన గుప్పున వస్తుంది. లోపల టీషర్టు వేసుకున్న ట్రైనర్ ఒకాయన చేతిలో బిస్కెట్లు పట్టుకొని, పట్నం కుక్కలకు ‘సిట్’, ‘స్టే’ అని ఇంగ్లీషులో మర్యాద నేర్పుతుంటాడు. ఆటోలో వాళ్లు వింతగా తొంగి చూస్తారు. నాకేమో మా కనకమామిడిలో మా నాన్న, మా బాపు, మోతికి నేర్పిన మర్యాద గుర్తొస్తుంది.

మోతి ఊరకుక్కే. మక్కచేను కావలికని ఓ వానాకాలం బాపు చంకలో పెట్టుకొని తెచ్చిన గోధుమరంగు కూన. పొద్దుగూకే వేళ బురదకాళ్లతో పొలం నుంచి వచ్చి, కాళ్లూ చేతులూ కడుక్కొని, భుజం మీది తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాకే బాపు అన్నానికి కూర్చునేవాడు. మోతికీ అదే లెక్క. రొట్టెముక్క దాని ముందు పెట్టి ‘ఆగు’ అన్నాడంటే, తువ్వాల ఆయన భుజం మీద ఉన్నంతసేపూ అది చొంగ కారుస్తూ కూర్చోవలసిందే. తువ్వాల దిగిందా, ఒక్క దూకు! బతుకమ్మకు మా కన్నతల్లి, మా అవ్వ, రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దయినా, దసరానాటి మటన్ బొక్కయినా అంతే. మేం పిల్లలం కూడా తువ్వాలలు వేసుకొని, తీసి చూసేవాళ్లం. మమ్మల్ని లెక్కచేస్తేనా!

ఆ యేడు చలికాలం మొదట్లో, పక్కింటి ఎల్లన్న మందలో ఏదో గొంతు కొరికేసిన గొర్రెపిల్ల ఒకటి చచ్చి పడి ఉంది. ఆ దగ్గర్లో మోతి కనబడిందట. రక్తం మరిగిన కుక్కను ఉంచితే మంద మిగలదని మా దగ్గర అందరి మాట. ఎల్లన్న కర్ర పట్టుకొని వచ్చేశాడు. బాపు బతిమాలితే చివరికి ఒక పరీక్షకు ఒప్పుకున్నాడు. అప్పుడే పుట్టిన, తడి ఆరని గొర్రెపిల్లను మోతి ముందు పెడతారు. అది లేచి నడిచి తల్లిని చేరేదాకా మోతి కదలొద్దు.

“ఒక్కపారి ఆగు అను. మల్ల నోరు మెదిపినవా, కుక్క పాయె,” అన్నాడు ఎల్లన్న.

బాపు ‘ఆగు’ అన్నాడు. ఎల్లన్న కర్ర ఎత్తి పట్టుకున్నాడు. నేను కేక పెడతానేమోనని అవ్వ నా నోరు మూసింది. ఆమె చేతికున్న పసుపు, పేడ వాసన ఇంకా నా ముక్కులోనే ఉంది. పిల్ల లేవబోయి పడింది, మళ్లీ లేవబోయింది. సరిగ్గా అప్పుడే ఊరి పెద్ద పటేల్ అటుగా వచ్చాడు.

మా ఊళ్లో పటేల్ ఎదురైతే మగవాళ్లు భుజం మీది తువ్వాల దించి చేత పట్టుకోవాలి. అక్కడున్న వాళ్లంతా దించారు. అలవాటు చొప్పున బాపు చెయ్యి కూడా భుజం దాకా లేచి, మధ్యలో ఆగిపోయింది. మోతి గొర్రెపిల్లను చూడటం లేదు, ఆ చేతినే చూస్తోంది. తువ్వాల దిగితే ఎదురుగా ఉన్నది తినమనే కదా దాని లెక్క!

“ఏంరా, తువ్వాల భుజానికి అతుక్కున్నదా?” అన్నాడు పటేల్.

నోరు మెదిపితే కుక్క దక్కదని బాపుకు తెలుసు. నుదుటి చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు.

“నిన్నే! గింత పొగరు ఎప్పటిసంది?”

“తియ్యకు, నీకు దండం పెడ్త, తియ్యకు,” అని అవ్వ నా వెనక నుంచి గొణుగుతోంది. పిల్ల తూలుతూ వచ్చి మోతి ముందుకాలికి మూతి ఆనించింది. మోతి తొడలు వణికాయి, సన్నగా మూలిగింది. దేవుడా, ఆ గొర్రెపిల్ల ఎంతసేపు అక్కడే నిలబడిందో! చివరికి తల్లి అరిస్తే అటు తిరిగి, పడుతూ లేస్తూ వెళ్లి పొదుగు అందుకుంది.

ఎల్లన్న కర్ర దించాడు. అప్పుడు తీశాడు బాపు తువ్వాల. మోతి ఒక్క దూకున ఆయన ఛాతీ మీద పడింది. పటేల్ అప్పటికే మొహం తిప్పుకొని వెళ్లిపోయాడు. తర్వాత మోతి మా గడపకు కట్టేసి ఉండగానే ఎల్లన్న మందలో ఇంకో గొర్రెపిల్ల చచ్చింది. పట్నం వాళ్లు కార్లలో తెచ్చి రోడ్డు మీద వదిలేసిన కుక్కల పని అని అప్పుడు తేలింది. ఎల్లన్న వచ్చి, మోతి తల నిమిరి పోయాడు.

ఇప్పుడు ఎల్లన్న మంద లేదు, అది మేసిన బీడు చుట్టూ రిసార్టు గోడ లేచింది. మక్కచేన్లు లేవు, మోతి లేదు, బాపూ లేడు. పటేళ్ల ముందు తువ్వాల దించడం కూడా పోయింది, పీడ వదిలింది. మా ఊళ్లో అది మొదట పోయింది మా ఇంట్లోనే. ఆ రోజు నుంచి బాపు ఏ పెద్దమనిషికీ తువ్వాల దించలేదు. రోజూ పొద్దుగూకే వేళ, మోతి ముందు మాత్రమే దించాడు.